ఆ కిటికీలోంచి చూస్తే...

ఒకటే వీధి. నాలుగు కిటికీల్లోంచి నలుగురు చూస్తే నాలుగు కథలు. ఈ చిన్న సంగతిని పట్టుకుని నవల రాసే తీరునే మార్చేశారు ఒక అమెరికన్ రచయిత. చిత్రకారుడు కావాలనుకుని కాలేకపోయారు. కానీ బొమ్మ చూసే కన్ను మాత్రం ఆయన్ని వదల్లేదు. ఆయన నవలల్లో బొమ్మలు ఎందుకున్నాయి, అవి ఏం చెబుతున్నాయి అని పరిశోధకులు వందేళ్లుగా వెతుకుతూనే ఉన్నారు. ఆ రచయిత పేరు హెన్రీ జేమ్స్.

1914 మే 4. లండన్‌లోని రాయల్ అకాడమీలో వేసవి చిత్రప్రదర్శన మొదలైన రోజు. సందర్శకులతో గదులన్నీ కిటకిటలాడుతున్నాయి. ఓ గోడకు డెబ్భై ఏళ్ల పెద్దమనిషి చిత్రం వేలాడుతోంది. బట్టతల, నల్ల కోటు, వెయిస్ట్‌కోటు చంకలో దూర్చిన బొటనవేలు, ఎదుటివారిని తూకం వేస్తున్నట్టున్న చూపు. గీసింది ఆ రోజుల్లో పేరు మోసిన చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్.

ఉన్నట్టుండి అద్దం భళ్లున పగిలింది. ఓ మహిళ దుస్తుల్లో దాచి తెచ్చిన మాంసం కొట్టే కత్తితో ఆ బొమ్మ మీద వేటు మీద వేటు వేసింది. జనం తేరుకుని పట్టుకునేలోపే చిత్రం మూడుచోట్ల చీరుకుపోయింది. తన పేరు మేరీ వుడ్ అని చెప్పిందామె. మహిళలకు ఓటు హక్కు కోసం పోరాడుతున్న ఉద్యమకారిణి. బొమ్మలోని పెద్దమనిషి మీద ఆమెకు కోపమేమీ లేదు. అదే బొమ్మను ఓ మహిళ గీసి ఉంటే ఇంత ధర కట్టేవారా... ఇదీ ఆమె ప్రశ్న.

బొమ్మలో ఉన్నది హెన్రీ జేమ్స్. అంతకు ముందు ఏడాది ఆయన డెబ్భయ్యో పుట్టినరోజుకు స్నేహితులు, అభిమానులు చందాలు వేసుకుని ఆ చిత్రం గీయించారు. స్నేహితుడి బొమ్మకు డబ్బు తీసుకోనన్నారు సార్జెంట్.

చిత్రమేమిటంటే... జీవితమంతా జేమ్స్ రాసింది కూడా దీని గురించే. బొమ్మ ముందు నిలబడిన మనిషికి ఏం కనిపిస్తుంది? ఏం కనిపించదు? అదే బొమ్మను పక్కవాడు చూస్తే మరోలా ఎందుకు ఉంటుంది?

పెన్సిల్ పక్కన పెట్టేశాడు

హెన్రీ జేమ్స్ 1843 ఏప్రిల్ 15న న్యూయార్క్‌లో పుట్టాడు. తండ్రికి ఆస్తి ఉంది, ఆలోచనలూ ఉన్నాయి. ఒక ఊళ్లో కుదురుగా ఉండే అలవాటు మాత్రం లేదు. పిల్లల్ని వెంటబెట్టుకుని జెనీవా, లండన్, పారిస్ తిరిగేవాడు. అలా పన్నెండు, పదమూడేళ్ల వయసులోనే హెన్రీ పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం చూశాడు. అక్కడి అపోలో గ్యాలరీ... బంగారు పూత నగిషీలు, పైకప్పు నిండా చిత్రాలు. పిల్లాడికి కళ్లు తిరిగాయి. పెద్దయ్యాక ఆయనకు ఒక పీడకల వచ్చింది. తలుపు అవతల ఏదో భయంకరమైన ఆకారం తోసుకొస్తోంది. కాసేపు భయంతో తలుపు నొక్కిపట్టి, చివరికి తెగించి తలుపు తీసి ఆయనే దాన్ని తరిమారు. అది పారిపోయిన దారి చూస్తే... చిన్నప్పుడు చూసిన ఆ అపోలో గ్యాలరీయే! ఈ సంగతి 1913లో తన బాల్య జ్ఞాపకాల్లో రాసుకున్నారు.

1860లో వాళ్ల కుటుంబం అమెరికాలోని న్యూపోర్ట్ చేరింది. అన్న విలియంకు చిత్రకళ పిచ్చి. విలియం మోరిస్ హంట్ అనే చిత్రకారుడి స్టూడియోలో చేరాడు. అన్న ఎక్కడుంటే తమ్ముడూ అక్కడే. హెన్రీ కూడా వెంట వెళ్లి, కింది గదిలో ఒంటరిగా కూర్చుని ప్లాస్టర్ విగ్రహాలను చూసి గీసేవాడు. ఒకరోజు అన్న ఉన్న గదిలోకి తొంగిచూశాడు. బంధువుల కుర్రాడు గస్ బార్కర్ బట్టల్లేకుండా పీట మీద నిలబడి ఉన్నాడు. అన్న అతణ్ణి చూసి గీస్తున్నాడు. ఆ గీత చూశాడు హెన్రీ. తనకు ఎన్నేళ్లయినా అలా రాదని అర్థమైపోయింది. పెన్సిల్ జేబులో పెట్టేసుకున్నాడు.

ఆ స్టూడియోలోనే జాన్ లఫార్జ్ అనే మరో యువ చిత్రకారుడు పరిచయమయ్యాడు. హెన్రీ చేత ఫ్రెంచ్ నవలాకారుడు బాల్జాక్‌ను చదివించింది అతడే. రంగులతో చేసే పనీ, మాటలతో చేసే పనీ వేరువేరు కాదన్న నమ్మకం ఆ సావాసంలోనే బలపడింది. విచిత్రం చూడండి... గీత కుదిరిన అన్న మరుసటి ఏడాదే చిత్రకళ వదిలేసి సైన్సు చదువుకు వెళ్లిపోయాడు. ఆధునిక మనస్తత్వ శాస్త్రానికి పునాదులు వేసినవారిలో ఒకరైన విలియం జేమ్స్ ఆయనే. గీత రాని తమ్ముడికి మాత్రం బొమ్మలు బతుకంతా తోడుగా నడిచాయి.

1868 నుంచి దాదాపు ముప్ఫయ్యేళ్లపాటు హెన్రీ జేమ్స్ పత్రికలకు చిత్రకళా సమీక్షలు రాశారు. అన్నిసార్లూ ఆయన తీర్పు సరైందేమీ కాదు. 1876లో పారిస్‌లో ఇంప్రెషనిస్టుల ప్రదర్శన చూసి పెదవి విరిచారు. ఇవాళ కోట్లు పలికే బొమ్మలవి! తర్వాత ఆయనే మనసు మార్చుకున్నారు. ఒకసారి చూసింది రెండోసారి వేరుగా కనిపించడం ఆయనకు పుస్తకాల్లోనే కాదు, సొంత అనుభవంలోనూ ఉంది.

ఎవరి కళ్లతో?

రైలు పట్టాల మధ్య నిలబడి దూరంగా చూస్తే రెండు పట్టాలూ ఒకచోట కలిసిపోయినట్టు కనిపిస్తాయి. నిజానికి అవి ఎక్కడా కలవవు. మనం నిలబడిన చోటు అలా చూపిస్తుంది. ఈ సంగతిని లెక్క ప్రకారం బొమ్మలోకి తెచ్చింది పదిహేనో శతాబ్దంలో ఇటలీలోని ఫ్లోరెన్స్ చిత్రకారులు. 1435లో ఆల్బెర్టి అనే పండితుడు దాని మీద పుస్తకమే రాశాడు. చిత్రం చట్రాన్ని ఒక తెరిచిన కిటికీ అనుకోమన్నాడు. దీన్నే పర్‌స్పెక్టివ్ అంటారు. అందులో అసలు కిటుకు ఒకటే... చూసే మనిషి ఎక్కడ నిలబడ్డాడో ముందు తేల్చుకోవాలి.

నాలుగున్నర శతాబ్దాలకు పైగా గడిచాక జేమ్స్ కూడా కిటికీ మాటే ఎత్తారు. తన రచనల్లో ఎంపిక చేసినవాటిని 1907 నుంచి 1909 మధ్య 24 సంపుటాలుగా తెచ్చినప్పుడు, ‘ది పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ లేడీ’ నవలకు కొత్త ముందుమాట రాశారు. కథ అనేది ఒక పెద్ద ఇల్లయితే దానికి లెక్కలేనన్ని కిటికీలుంటాయనీ, ఒక్కో కిటికీ దగ్గర ఒక్కొక్కరు నిలబడి ఉంటారనీ ఊహించారు. అందరూ చూసేది ఒకే జీవితాన్ని. కానీ ఏ ఇద్దరికీ ఒకేలా కనిపించదు.

అప్పటిదాకా చాలా నవలల్లో రచయిత దేవుడిలా పైన కూర్చుని అందరి మనసుల్లో ఏముందో చెప్పేసేవాడు. ‘పాఠకుడా, ఈమె మంచిది, అతడు దుర్మార్గుడు’ అని తీర్పూ ఇచ్చేవాడు. జేమ్స్ ఆ కుర్చీ దిగిపోయారు. కథలోని ఒక మనిషి భుజం వెనక నిలబడ్డారు. ఆ మనిషికి తెలిసిందే మనకు తెలుస్తుంది. ఆ మనిషి మోసపోతే మనమూ మోసపోతాం!

1897లో వచ్చిన ‘వాట్ మైజీ న్యూ’ చూడండి. మైజీ చిన్నపిల్ల. అమ్మానాన్న విడిపోయారు. ఆరు నెలలు అమ్మ దగ్గర, ఆరు నెలలు నాన్న దగ్గర. ఒకరి తిట్లు ఒకరికి మోయడానికి పిల్లను వాడుకుంటారు. కథంతా ఆ పిల్ల కళ్లలోంచే నడుస్తుంది. పెద్దవాళ్ల సంబంధాలు ఆమెకు అర్థం కావు. కానీ అన్నీ చూస్తుంది. కొన్నాళ్లకు ఇటు మాట అటు చెప్పకుండా ఊరుకోవడం నేర్చుకుంటుంది. పెద్దలు ‘ఈ పిల్లకు తెలివి లేదు’ అనుకుంటారు. తెలివి ఎవరికి లేదో చదివేవారికి తెలిసిపోతుంది. విడాకుల మీద ఎన్ని ఉపన్యాసాలిచ్చినా ఇంత గట్టిగా తగలదు.

గుమ్మంలో ఒక్క క్షణం

బొమ్మ చూసే కన్ను కథలో ఎలా పనిచేస్తుందో తెలియాలంటే 1881 నాటి ‘ది పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ లేడీ’ దగ్గరికి రావాలి. పేరులోనే బొమ్మ ఉంది... ‘ఓ వనిత చిత్తరువు’.

ఇసబెల్ ఆర్చర్ అమెరికా అమ్మాయి. తెలివైంది, ఎవరి మాటా వినని స్వేచ్ఛాజీవి. ఇంగ్లండ్‌లో ఉన్న బంధువుల ఇంటికి వస్తుంది. క్షయతో బాధపడుతున్న బావ రాల్ఫ్‌కు ఆమె అంటే ప్రాణం. తండ్రికి చెప్పి ఆమె పేర 70 వేల పౌండ్లు రాయిస్తాడు. డబ్బుంటే ఆ పిల్ల తనకు నచ్చినట్టు బతుకుతుందని అతడి ఆశ. ఆ డబ్బే ఆమెను ముంచుతుంది. మేడమ్ మెర్ల్ అనే స్నేహితురాలు ఇసబెల్‌ను ఫ్లోరెన్స్‌లో గిల్బర్ట్ ఆస్మండ్‌కు పరిచయం చేస్తుంది. పాత వస్తువులు, చిత్రాలు సేకరించే రసికుడతడు. పెద్దగా ఆస్తి లేదు. భార్య పోయింది, ఓ కూతురుంది. ఎంత సున్నితమైన మనిషో అని మురిసిపోతుంది ఇసబెల్.

జేమ్స్ మాత్రం మనకు ముందే సైగ చేస్తారు. ఆస్మండ్ ఇంటి ముఖద్వారం వైపు కిటికీలు ఎత్తుగా ఉంటాయి, అడ్డంగా బలమైన కమ్మీలు. బయటి ప్రపంచం లోపలికి చూడకుండా కట్టినట్టుంటుంది. ఇసబెల్ ఆ ఇంటిని చూసింది కానీ ఆ కిటికీల్ని చదవలేదు. ఆమె ఓ ఇంగ్లిషు ప్రభువు సంబంధాన్ని కాదన్నదని తెలిశాక ఆస్మండ్‌కు ఆమె మరింత నచ్చుతుంది. అంత గొప్ప సంబంధాన్ని కాదన్న పిల్ల తన సేకరణలో ఉంటే ఎంత గొప్ప! అతడి దృష్టిలో ఆమె మనిషి కాదు, అరుదైన వస్తువు.

పెళ్లయి కొన్నేళ్లు గడిచాయి. ఒకరోజు షికారు నుంచి తిరిగొచ్చి హాల్లోకి అడుగు పెట్టబోతూ గుమ్మంలోనే ఆగిపోతుంది ఇసబెల్. లోపల మేడమ్ మెర్ల్ నిలబడి ఉంది. ఆస్మండ్ కుర్చీలో జారగిలబడి ఆమె వంక చూస్తున్నాడు. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. అంతే! ఆ కాలపు మర్యాద ప్రకారం ఆడవాళ్లు నిలబడి ఉంటే మగవాళ్లు కూర్చోరు. పరాయివాళ్ల మధ్య అలాంటి చనువు ఉండదు. ఒక్క క్షణం... అతడు గబుక్కున లేచాడు. బొమ్మ చెరిగిపోయింది. కానీ ఇసబెల్ కంటిలో అది ముద్రపడిపోయింది.

ఆ రాత్రి ఆమె పొయ్యి మంట ఎదుట కదలకుండా కూర్చుని తన బతుకంతా మళ్లీ చూసుకుంటుంది. ఏమీ జరగని ఆ అధ్యాయమే నవలలో అన్నిటికన్నా బాగా వచ్చిందని జేమ్స్ నమ్మకం. అసలు నిజం... మేడమ్ మెర్ల్ ఒకప్పుడు ఆస్మండ్ ప్రియురాలనీ, అతడి కూతురు ఆమె కన్నబిడ్డేననీ చాలా తర్వాత ఇంకొకరు చెబితే తెలుస్తుంది. కానీ కన్ను ముందే పట్టేసింది. ఇద్దరు మనుషులు, ఒక కుర్చీ, మధ్యలో ఖాళీ... చిత్రకారుడు బొమ్మను కూర్చినట్టు కూర్చారు జేమ్స్.

చివర్లో ఇంకో దృశ్యం. బావ రాల్ఫ్ చావుబతుకుల్లో ఉన్నాడని టెలిగ్రాం వస్తుంది. ఇసబెల్ ఆదరాబాదరాగా భర్త గదికి పరుగెడుతుంది. ఆస్మండ్ అప్పుడేం చేస్తున్నాడో తెలుసా? ఓ పాత నాణెం బొమ్మను చూసి శ్రద్ధగా రంగుల్లో దించుకుంటున్నాడు. కళ ఉంది, మనసు లేదు. అతడి గురించి ఇంకేం చెప్పాలి?

బొమ్మలోకి నడిచివెళ్లిన పెద్దాయన

జేమ్స్ తన నవలలన్నిటిలోకీ మేలైందని భావించింది 1903లో వచ్చిన ‘ది అంబాసిడర్స్’. 55 ఏళ్ల లాంబర్ట్ స్ట్రెథర్ అమెరికాలోని ఓ చిన్న ఊరి నుంచి పారిస్ వస్తాడు. పని ఏమిటంటే... అక్కడ మకాం పెట్టిన చాడ్ అనే కుర్రాణ్ణి ఇంటికి తీసుకెళ్లాలి. చాడ్ తల్లి ధనవంతురాలైన వితంతువు. పని చక్కబెడితే స్ట్రెథర్‌కు ఆమెతో పెళ్లి, మలివయసులో నిశ్చింత. తీరా వచ్చి చూస్తే చాడ్ చెడిపోలేదు సరికదా ఎంతో మర్యాదస్తుడయ్యాడు. అందుకు కారణం మేడమ్ డి వియోనే అనే ఫ్రెంచి వనిత. ఆమెకు భర్త ఉన్నాడు, కానీ విడిగా ఉంటోంది. వాళ్లిద్దరిదీ కల్మషం లేని స్నేహమని తోటివాడొకడు చెబితే స్ట్రెథర్ నమ్మేస్తాడు. నమ్మాలని ఉంది కాబట్టి నమ్ముతాడు. వచ్చిన పని మర్చిపోయి ‘నువ్విక్కడే ఉండు’ అని చాడ్‌కే చెబుతాడు.

ఒకరోజు అతడికి పారిస్ దాటి పల్లెపట్టు చూడాలనిపిస్తుంది. దానికో కారణముంది. ఎన్నో ఏళ్ల కిందట బోస్టన్‌లో ఓ దుకాణంలో లాంబినే అనే ఫ్రెంచి చిత్రకారుడి బొమ్మ చూశాడు. ఏరు, చెట్లు, రెల్లు, వెండి రంగు ఆకాశం. కొనాలనుకున్నాడు కానీ అంత డబ్బు లేదు. కొనలేకపోయిన ఆ బొమ్మ మనసులో ఉండిపోయింది. ఇప్పుడు రైలెక్కి, ఏదో ఒక స్టేషన్లో దిగి నడుస్తుంటే అచ్చం అదే బొమ్మ. అవే చెట్లు, అదే ఏరు. రోజంతా ఆ బంగారు చట్రంలోనే తిరుగుతున్నట్టుంటుంది. ఎటు నడిచినా చట్రం దాటడు.

సాయంత్రం ఏటి ఒడ్డున ఓ సత్రంలో భోజనం చెప్పి నీటి వంక చూస్తూ కూర్చున్నాడు. ఏటి మలుపులోంచి ఓ పడవ వచ్చింది. తెడ్డు పట్టుకుని ఒక మగమనిషి, గులాబి రంగు గొడుగుతో ఒక స్త్రీ. ఆహా, బొమ్మలో తక్కువైంది ఇదే కదా అనుకున్నాడు స్ట్రెథర్. పడవ దగ్గరైంది. గొడుగు కదిలింది.

వాళ్లు చాడ్, మేడమ్ డి వియోనే.

వాళ్లు కూడా అతణ్ణి చూశారు. చూడనట్టు వెళ్లిపోదామా అన్నట్టు ఒక్క క్షణం తటపటాయించారు. తర్వాత ముగ్గురూ కలిసి భోంచేసి, ఒకే రైల్లో పారిస్ తిరిగొచ్చారు. ఆమె గలగలా మాట్లాడుతూనే ఉంది. కానీ చలి సాయంత్రానికి ఆమెకు శాలువా లేదు, అతడికి కోటు లేదు. అంటే సామాను మరెక్కడో దించి ఉంది. ఆ రాత్రి పారిస్ వెళ్లే ఉద్దేశమే వాళ్లకు లేదు. ఇంటికొచ్చాక ఒంటరిగా కూర్చున్నప్పుడు స్ట్రెథర్‌కు అన్నీ అర్థమవుతాయి. వాళ్లు అబద్ధమాడారు, నిజమే. కానీ చిన్నపిల్ల బొమ్మకు బట్టలు తొడిగినట్టు, కనిపించిన నిజానికి ముసుగు తొడిగింది తనే.

ఇక్కడ నలుపూ తెలుపూ లేవు. నిజం తెలిశాక కూడా స్ట్రెథర్ ఆమెను అసహ్యించుకోడు. ఆమెను వదిలేసి వెళ్తే పశువుతో సమానమని చాడ్‌ను హెచ్చరిస్తాడు. తనకంటూ ఏమీ మిగుల్చుకోకుండా వెనుదిరుగుతాడు. బొమ్మ పగిలింది, మనుషులు కనిపించారు.

పరిశోధకులేం తేల్చారు?

జేమ్స్ 1916 ఫిబ్రవరి 28న చనిపోయారు. అయిదేళ్లు తిరిగేసరికి, 1921లో పెర్సీ లబక్ ‘ది క్రాఫ్ట్ ఆఫ్ ఫిక్షన్’ రాశారు. నవల రాసే పనిలో అన్ని చిక్కులూ ఒక్క ప్రశ్న దగ్గర ముడిపడి ఉంటాయన్నారాయన... కథ చెప్పేవాడు ఎక్కడ నిలబడ్డాడు? అందుకు ఆయన తీసుకున్న ముఖ్య ఉదాహరణల్లో ‘ది అంబాసిడర్స్’ ఒకటి. సాహిత్యం పాఠాల్లో వినిపించే ‘దృష్టికోణం’ అనే మాట ఇంత బలపడటం వెనక ఆ పుస్తకం ఉంది.

తర్వాత తరం వాళ్లు బొమ్మల వైపు తిరిగారు. 1956లో జాన్ స్వీనీ జేమ్స్ చిత్రకళా సమీక్షల్ని ఏరి ఒక సంపుటంగా తెచ్చారు. 1970లో వయోలా హాప్కిన్స్ విన్నర్ ‘హెన్రీ జేమ్స్ అండ్ ది విజువల్ ఆర్ట్స్’ వెలువరించారు. ఏ బొమ్మలు చూశాడు, వాటి గురించి ఏమన్నాడు అనే జాబితాతో ఆమె ఆగలేదు. దృశ్యాన్ని చట్రంలో బిగించడం, మనిషిని చిత్తరువులా నిలపడం, వస్తువులతో స్వభావం చెప్పడం... ఇవన్నీ జేమ్స్ కథ చెప్పే పద్ధతిలోనే కలిసిపోయాయని చూపించారు. 1985లో మరియానా టోర్గోవ్నిక్ ఒక మెట్ల వరుస గీశారు. నవలలో బొమ్మ కింది మెట్టు మీద ఒట్టి అలంకారం. పైమెట్టుకు వచ్చేసరికి పాత్రలూ పాఠకులూ అర్థం వెతుక్కునే చోటు. 1986లో అడెలిన్ టింట్నర్ డిటెక్టివ్‌లా బయల్దేరి, ఏ పుట వెనక ఏ మ్యూజియంలోని ఏ చిత్రం ఉందో ఒక్కొక్కటీ వెతికిపట్టారు.

మచ్చుకొకటి. 1902 నాటి ‘ది వింగ్స్ ఆఫ్ ది డవ్’ నవలలో మిల్లీ అనే అమెరికన్ అమ్మాయి ఉంటుంది. బోలెడు డబ్బు, అంతుచిక్కని జబ్బు. ఓ పాత భవనంలో పదహారో శతాబ్దపు చిత్రకారుడు బ్రోంజినో గీసిన చిత్తరువు దగ్గరికి ఆమెను తీసుకెళ్లి, ‘అచ్చం మీలాగే ఉంది’ అంటారు. అందరికీ అందులో అందం కనిపిస్తుంది. మిల్లీకి మాత్రం ఆ బొమ్మలోని స్త్రీ ఎప్పుడో చనిపోయిందన్న సంగతే కనిపిస్తుంది. కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ఫ్లోరెన్స్ ఉఫిజి గ్యాలరీలో ఉన్న లుక్రేజియా పాంచాటికి చిత్రమే ఆ బొమ్మ అని పరిశోధకులు గుర్తించారు.

ఈ పనంతా చూస్తే ఒక సంగతి తేలిగ్గానే పట్టుబడుతుంది. జేమ్స్ కథల్లో బొమ్మ ఊరికే రాదు. ఎవరో ఒకరు ఎదుటి మనిషిని మనిషిగా కాకుండా బొమ్మగా చూడటం మొదలుపెట్టిన చోట వస్తుంది. ఆస్మండ్ చేసింది అదే, అది క్రూరత్వం. స్ట్రెథర్ చేసిందీ అదే, అది అమాయకత్వం. రెంటికీ మూల్యం చెల్లించేది మాత్రం ప్రాణమున్న మనుషులే.

మరి ఆయన సంగతి?

జేమ్స్‌ను అందరూ మెచ్చుకోలేదు. 1915లో హెచ్.జి.వెల్స్ తన పుస్తకంలో ఆయన్ని ఎగతాళి చేశారు. అంత పెద్ద గుడి కట్టి, దీపాలన్నీ వెలిగించి, లోపల పెట్టింది ఓ చచ్చిన పిల్లి పిల్లనూ గుడ్డు పెంకునూ అన్న ధోరణిలో. అసలు జీవితానికి అర్థం తెచ్చేదే కళ అని జేమ్స్ నొచ్చుకుంటూ జవాబిచ్చారు. 1927లో ఇ.ఎం.ఫార్‌స్టర్ ఇంకో మాటన్నారు. ‘ది అంబాసిడర్స్’ ఆకారం ఇసుక గడియారంలా ముచ్చటగా ఉంది, కానీ ఆ అందం కోసం మనుషుల్ని కోసేశారని. అంటే... ఆస్మండ్ చేసిన తప్పే జేమ్స్ కూడా చేశారా?

ఈ ప్రశ్న ఆయన్నీ వేధించి ఉంటుంది. మిన్నీ టెంపుల్ అనే చుట్టాలమ్మాయి ఆయన యౌవనంలో వెలుగు. 1870లో 24 ఏళ్లకే క్షయతో కన్నుమూసింది. ఆమె ఇక మారిపోయే లోకంలో కాక మారని తలపుల్లో ఉండిపోతుందన్న అర్థంలో అన్నకు ఉత్తరం రాశారు జేమ్స్. బతకాల్సిన పిల్లను అంత తొందరగా బొమ్మగా మార్చేశారా అని చదివినవారికి గుచ్చుకుంటుంది. కానీ ఆయన ఆమెను వదల్లేదు. ఇసబెల్‌లో ఆమె ఛాయలున్నాయి. మూడు దశాబ్దాల తర్వాత మిల్లీగా మళ్లీ వచ్చింది. ఈసారి బొమ్మ ముందు నిలబడి ఏడ్చింది ఆమే. బయటినుంచి చూసినవాడు, చివరికి ఆమె కళ్లలోంచి చూడటానికి ప్రయత్నించాడన్నమాట. 1914లో తన జ్ఞాపకాల పుస్తకాన్ని ఆమె ఉత్తరాలతో ముగించారు.

మనకూ చుట్టరికం ఉంది

అన్న విలియం జేమ్స్ 1890లో రాసిన మనస్తత్వ శాస్త్ర గ్రంథంలో మనిషి ఆలోచనను పారే ఏరుతో పోల్చారు. ఆ పోలికే సాహిత్యంలోకి వచ్చి, తెలుగులో ‘చైతన్య స్రవంతి’ అయ్యింది. ఆ పద్ధతిలో 1969లో వచ్చిన ‘అంపశయ్య’ నవల ఉస్మానియా విద్యార్థి రవి గడిపిన ఒక్కరోజును అతడి మనసులోంచే చూపిస్తుంది. ఆ నవల పేరే రచయిత నవీన్‌కు ఇంటిపేరైపోయింది. తమ్ముడి నవలలకు కూడా మన దేశంతో లంకె ఉంది. ముంబయిలో పుట్టిన నిర్మాత ఇస్మాయిల్ మర్చంట్, దర్శకుడు జేమ్స్ ఐవరీ కలిసి ‘ది యూరోపియన్స్’(1979), ‘ది బోస్టోనియన్స్’(1984), ‘ది గోల్డెన్ బౌల్’(2000) నవలల్ని సినిమాలుగా తీశారు. వాటికి స్క్రీన్‌ప్లే రాసిన రూత్ ప్రవర్ ఝాబ్‌వాలా ఎన్నో ఏళ్లు ఢిల్లీలో కాపురమున్నారు.

జేమ్స్‌ను చదవడం తేలికేం కాదు. చివరి నవలల్లో వాక్యాలు చాంతాడంత ఉంటాయి. చెయ్యి నొప్పితో 1897 ప్రాంతం నుంచి ఆయన టైపిస్టుకు చెప్పి రాయించడం మొదలుపెట్టారు. మాట సాగినకొద్దీ వాక్యం సాగింది. కొత్తగా చదవాలనుకునేవారు ‘ది రియల్ థింగ్’(1892) అనే కథతో మొదలుపెట్టొచ్చు. చితికిపోయిన ఓ గొప్పింటి జంట బొమ్మలు వేసే చిత్రకారుడి దగ్గరికొచ్చి, తమను చూసి దొరల బొమ్మలు గీసుకోమని బతిమాలుతారు. అసలైన దొరలే కదా, తేలికని చిత్రకారుడు అనుకుంటాడు. కానీ బొమ్మ కుదరదు. రాణి వేషానికి మాసిన బట్టల పేదపిల్లే చక్కగా కుదురుతుంది. చివరికి ఆ దంపతులు అదే గదిలో కప్పులు కడగడానికి సిద్ధపడతారు. నవ్వుతూ మొదలుపెట్టినవాళ్లకు గొంతు పూడుకుపోతుంది.

ఇక సార్జెంట్ గీసిన ఆ చిత్తరువు... చీలికలు కనపడకుండా బాగుచేశారు. ఇప్పుడది లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ సేకరణలో ఉంది. 2017లో న్యూయార్క్‌లోని మోర్గన్ లైబ్రరీలో జేమ్స్‌కూ అమెరికన్ చిత్రకారులకూ ఉన్న అనుబంధం మీద ప్రత్యేకంగా ఓ ప్రదర్శనే పెట్టారు. స్నేహితులకు ఆ బొమ్మలో ఇష్టమైన రచయిత కనిపించాడు. సార్జెంట్‌కు పాత స్నేహితుడు కనిపించాడు. కత్తి పట్టుకొచ్చిన మేరీ వుడ్‌కు మాత్రం, ఆడవాళ్ల పనికి విలువివ్వని లోకం కనిపించింది. ఆమె చేసింది తప్పే కావచ్చు. కానీ ఆమె నిలబడిన కిటికీలోంచి కనిపించింది అబద్ధమని జేమ్స్ నవలలు చదివినవారు మాత్రం అనలేరు!